సంచిలో రెండో చొక్కా

పన్నెండేళ్లలో చాంది చేతిలో ఒక్క బట్ట కాలలేదు. ఈ మాట ముందే చెప్పాలి. ఎందుకంటే తర్వాత చర్లలో ఆమెకు ఇస్త్రీ చేతకాదని వీధి వీధంతా నవ్వుకుంది. నవ్వేవాళ్లకేం, నోరు నొప్పా?

ఆమె పుట్టిన తండాలో బట్టలు ఉతికి కంచె మీద ఆరేస్తే అదే పదివేలు. ఇస్త్రీ సంగతి పెళ్లయ్యాకే తెలిసింది. భర్త హరిలాల్‌కు వేంసూరు దిక్కున ఒక ఊళ్లో బడిపంతులు ఉద్యోగం వచ్చింది. చేరిన వారానికే హెడ్మాస్టరు వెంకటప్పయ్య అతని నలిగిన చొక్కా చూసి పదిమందిలో, "ఏమయ్యా, గొడ్ల కొట్టంలో పడుకొని వస్తున్నావా?" అన్నాడు. హరిలాల్ ఆ పూట అన్నం ముట్టలేదు. ఆ వారం సంతలో బొగ్గుల ఇస్త్రీపెట్టె కొనుక్కొచ్చి చాంది ముందు పెట్టాడు.

"చొక్కాకు గంత సేవ ఎందుకే? అది నీకు బువ్వ పెడ్తదా?" అంది అత్త జమ్లి.

"పెడ్తది" అంది చాంది.

పట్టుబట్టి నేర్చుకుంది. పలచగా గంజి పెట్టడం, పెట్టె అడుగున నీటిచుక్క చుయ్‌మనే తీరును బట్టి వేడి కనిపెట్టడం, టెరికాటన్ మీద చేయి తేలిగ్గా ఆనించడం, అన్నీ. చొక్కా చేతుల మీది గీత చూస్తే వేలు పెట్టడానికి భయం వేసేది. వెంకటప్పయ్య మళ్లీ నోరెత్తితే ఒట్టు.

ఎనభై ఎనిమిదిలో హరిలాల్‌కు చర్ల అవతల అడవి గూడెంలోని బడికి బదిలీ అయింది. చర్లలో కిరాయి ఇల్లు తీసుకున్నారు. అక్కడినుంచి గూడేనికి ఆరు మైళ్లు సైకిల్ మీద పోవాలి. మైలు దాటగానే దారి పక్కన పోలీసు క్యాంపు ఉంది.

బడికి పోయిన మొదటి వారమే గూడెం పెద్ద జంపయ్య అతన్ని పక్కకు పిలిచాడు.

"సారూ, గీ ఇస్త్రీ గీతల చొక్కా ఏసుకొని రాకు. గిట్ల వచ్చేటోళ్లు రెండే తీర్లు. ఒకటి పోలీసోళ్లు, రెండు పోలీసోళ్లకు కబురు మోసేటోళ్లు. నువ్వేందో నాకెరుక. లోపలోళ్లకు ఎరుక లేదు గదా!"

లోపలోళ్లంటే అడవిలోని అన్నలని ఆ దిక్కున ఎవరూ విడమరిచి చెప్పరు. హరిలాల్ మర్నాడు ఇస్త్రీ లేని చొక్కా తొడుక్కున్నాడు. క్యాంపు దగ్గర సైకిల్ ఆపారు.

"పంతులంటవ్, గీ అవతారమేంది? రాత్రి ఏ గుట్టల పండినవ్?" అంటూ రెండు గంటలు ఎండలో నిలబెట్టారు.

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం! పదకొండేళ్లుగా చాంది తీర్చిన గీతే మొగుడి ప్రాణం మీదికి వచ్చింది, అది లేకపోయినా వచ్చింది. రెండు రోజులు ఆలోచించి చివరికి ఒక ఉపాయం చెప్పింది. క్యాంపు దాటేదాకా ఇస్త్రీ చొక్కా, దాటాక వెదురు పొదల చాటున నలిగిన చొక్కా. తిరిగొచ్చేటప్పుడు మళ్లీ ఇస్త్రీది. రెండోది సంచిలో ఉంటుంది.

ఆ రోజునుంచి ఆమెకు రెండు పనులయ్యాయి. ఒక చొక్కాను ప్రాణం పెట్టి ఇస్త్రీ చేసేది, ఇంకోదాన్ని పిండి, ఉండచుట్టి, పీట కింద పెట్టి నలిపేది. నలిపేటప్పుడు చేతులు రావు పాపం, తిట్టుకుంటూ నలిపేది. ఏడాది పైగా అట్లాగే గడిచింది. రోజూ సాయంత్రం సైకిల్ గంట వినబడేదాకా ఆమెకు కాలు నిలిచేది కాదు.

ఒకరోజు ఆ గంట వినబడలేదు. అయిదయింది, అయిదున్నర అయింది. ఏదో ఒక పనిలో పడాలని బొగ్గులు రాజేసి మర్నాటి చొక్కా అందుకుంది. అంతలో పక్కింటి నర్సు ప్రమీలారాణి ఆయాసపడుతూ వచ్చింది.

"చాందీ, మీ సారును క్యాంపుల కూసోబెట్టిండ్రు. సంచిల రెండో చొక్కా దొరికిందంట. లోపల ఎవరికి మోస్తున్నవని అడుగుతుండ్రంట!"

చాంది ఉన్నపళంగా పరుగెత్తింది. క్యాంపు కంచె దగ్గర జవాను, "చేతిల ఏంది?" అని గద్దించాక గానీ, నిప్పులున్న ఇస్త్రీపెట్టె పట్టుకొనే మైలు దూరం వచ్చానని ఆమెకు తెలియలేదు.

లోపల బెంచీ మీద హరిలాల్ తల వంచుకొని ఉన్నాడు. చొక్కా నాదేనన్నాడు, సంచిలో ఎందుకంటే పెదవి విప్పలేదు. విప్పితే ఎవరికి భయపడి అంటారు, ఎవరు చెప్పారంటారు, జంపయ్య పేరు బయటికొస్తుంది. చాందికి అదంతా అతని మొహం చూడగానే అర్థమైంది.

"చెమట కంపు కొడుతుంది గీ చొక్కా. ఎవరి చెమట?" అన్నాడు ఎస్సై.

చాందికి మాట ఎక్కడినుంచో ఊడిపడింది. "మా ఆయనదే సార్. పోరగాళ్లను ఆటలాడిచ్చేటప్పుడు ఏసుకుంటడు. మంచి చొక్కా చెమటకు ఖరాబైతదని నేనే సంచిల పెట్టిన. గుండీలు సూడుండ్రి, రెండిటికీ నేను ఎర్రదారంతోనే కుట్టిన."

ఎస్సై గుండీలు చూస్తుంటే, చేతిలో పెట్టె ఏం చేయాలో తోచక ఆ నలిగిన చొక్కాను బల్ల మీద పరిచి ఇస్త్రీ చేసేసింది. హరిలాల్‌కు తొడిగింది. సరిగ్గా సరిపోయింది. ఎస్సై చూపు మాత్రం చొక్కా చేతి మీది గీత దగ్గర ఆగిపోయింది.

"తీస్కపో మీ ఆయన్ని. మా ధోబీ ఊరికి పోయి మల్ల రాలే. రేపటి సంది మా బట్టలు నువ్వే చెయ్యాలె."

పెనం మీంచి పొయ్యిలో పడడమంటే ఇదే. తెల్లారి జీపు వచ్చి, వీధంతా చూస్తుండగా ఖాకీ మూట గుమ్మంలో దించి పోయింది. ఆ మూట కబురు గూడెం చేరడానికి రెండు రోజులు చాలు. క్యాంపు బట్టలు చేసే ఇంటి పంతులు ఇక ఎవరి మనిషి?

"నేనింక బడికి పోను" అన్నాడు హరిలాల్. చాంది పెట్టెలో మామూలుకన్నా రెండు గుప్పెళ్లు ఎక్కువ బొగ్గులు పోసింది. మూటలో పైనున్న ఎస్సై చొక్కా పరిచి, వీపు మీద పెట్టె ఆనించి ఆపింది. చేయి అలవాటు కొద్దీ జరపబోయింది. ఎడమచేత్తో కుడిచేతిని పట్టుకొని ఆపింది. పొగ లేచింది. తీసి చూస్తే తమలపాకంత మచ్చ.

"అయ్యో, ఏంజేసినవే!" అని జమ్లి నెత్తి కొట్టుకుంది.

చాంది రెండో చొక్కా పరిచింది. ఒకటి కాలిస్తే పొరపాటంటారు. రెండు కాలిస్తే చేతకాదంటారు.

సాయంత్రం జీపులో వచ్చిన ఎస్సై మచ్చల్లోంచి వేలు దూర్చి చూసి నిప్పులు కక్కాడు. "నిన్న మంచిగ చేసినవ్ గదనే!"

"పల్చటి బట్టే నాకొచ్చు సార్. మందం బట్ట చేత గాదు."

"గొడ్ల కొట్టంల పండేటోళ్లకు ఇస్త్రీపెట్టె ఎందుకే? పో!" అని మిగతా మూట జీపులోకి విసిరేశాడు.

పన్నెండేళ్ల కింద మొగుడు తిన్న మాట ఇప్పుడు ఆమె తిన్నది. అయినా తల ఎత్తలేదు.

వారం తిరక్కుండానే హరిలాల్ నలిగిన చొక్కాతో క్యాంపు దాటి వచ్చాడు. జవాన్లు ఆపలేదు. "పోనియ్, పాపం వీని పెండ్లానికి ఇస్త్రీ రాదు" అని నవ్వారట. గూడెంలో జంపయ్య కూడా, "క్యాంపోళ్ల మూట తిప్పిగొట్టిందట గదా మీ ఇంటామె" అని సంబరపడ్డాడట. హరిలాల్ అది చెప్పి పగలబడి నవ్వాడు. చాంది కూడా నవ్వబోయి, కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది.

సంచిలో రెండో చొక్కా అవసరం తీరిపోయింది. ఆదివారం పొద్దున మాత్రం తలుపుకు గొళ్లెం పెట్టి, ఒక్క చొక్కాను పాత తీరున గీత పెట్టి ఇస్త్రీ చేసేది. హరిలాల్ దాన్ని తొడుక్కొని ఇంట్లోనే మంచం మీద కూర్చొని టీ తాగేవాడు. మధ్యాహ్నం విప్పి ఇస్తే, సోమవారానికి ఆమే దాన్ని నలిపిపెట్టేది.