అత్తయ్యగారి చిక్కుడు తీగ తిరిగిన వైపు

మొన్న మా పక్క ఫ్లాటు అమ్మాయి తలుపు కొట్టి, ఆంటీ ఒక్కసారి మా బాల్కనీలోకి వస్తారా అని పిలిచింది. వెళ్ళి చూద్దును కదా, గోడకి ఆనించి తెల్లటి ప్లాస్టిక్ పందిరొకటి, దాని మొదట్లో కుండీలో శంఖుపుష్పం తీగ, ఆ తీగని పందిరి ఎక్కించడానికి ఆ పిల్ల పడ్డ తంటాలన్నీ కళ్ళకి కట్టినట్టు కనిపించాయి. రంగురంగుల క్లిప్పులు, దారాలు, ఆఖరికి జడకి పెట్టుకునే రబ్బరు బ్యాండు కూడా. పొద్దున్నే చుట్టి ఆఫీసుకి వెళ్తుందిట, మర్నాటికి అది విడిపోయి వేలాడుతూ ఉంటుందిట. ఫోనులో వెతికితే ఎండ చాలలేదని ఒకరూ, ఎరువు ఎక్కువైందని ఇంకొకరూ చెప్పారుట. నేను తీగ చివర పట్టుకుని చూశాను. ముందు నవ్వొచ్చింది, ఆ వెనకే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పాపం ఆ పిల్ల, తన మొక్కకేదో పెద్ద జబ్బే చేసిందనుకుని కంగారు పడింది.

తొంభైల మొదట్లో మేము గవర్నర్‌పేటలో ఒక సందులో అద్దెకుండేవాళ్ళం. పెరడంటే పేరుకే పెరడు, రెండు మంచాలు వేస్తే నిండిపోయేది. ఆ కాస్త జాగాలోనే మా అత్తయ్యగారు తడిక మీద చిక్కుడు పాకించేవారు. ఆ విత్తనం ఆవిడ పుట్టింటిది, చల్లపల్లి నుంచి కొంగున కట్టుకుని తెచ్చుకున్నది. కాయ వెడల్పుగా, అంచు పొడుగునా వంకాయ రంగు గీత గీసినట్టు ఉండేది. ఏటా కొన్ని కాయల్ని తీగ మీదే ఎండనిచ్చి, గింజలు ఒలిచి, బూడిదలో కలిపి గాజుసీసాలో పోసి దాచేవారు. బజారు చిక్కుడుకాయ మా గడప తొక్కడానికి వీల్లేదు, అందులోనూ రథసప్తమికి అసలే వీల్లేదు. మన వయసు వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు, ఆ రోజు చిక్కుడుకాయల్ని కొబ్బరి పుల్లలతో గుచ్చి రథం చేసి, చిక్కుడాకుల్లో పరమాన్నం పెట్టి సూర్యుడికి చూపించాలి కదా. రథం చెయ్యడం మాత్రం మామయ్యగారి పని. అత్తయ్యగారు కాయలు కోసుకొచ్చి ఆయన ముందు పెట్టి, ఈసారైనా చక్రాలు వంకర పోకుండా చూడండి అనేవారు. ఏటా అదే మాట, ఏటా అవే వంకర చక్రాలు.

మామయ్యగారు గూడ్సుబండి గార్డుగా చేసి రిటైరైన మనిషి. నా పెళ్ళయి అప్పటికి ఆరేడేళ్ళు దాటినా ఆయనా నేనూ ఒకరితో ఒకరం నేరుగా మాట్లాడుకున్నది లేదు. కోపతాపాలేమీ కాదు, అది ఆ ఇంటి మర్యాద. నేను ఎదురుగా గ్లాసు పట్టుకుని నిలబడే ఉన్నా, కాఫీలో పంచదార ఎక్కువైందని అమ్మాయికి చెప్పు అని ఆయన అత్తయ్యగారితో అనేవారు. రేపు పాలవాడు రాడని మామయ్యగారికి చెప్పండి అని నేనూ ఆవిడతోనే అనేదాన్ని. ఆవిడ ఇద్దరికీ మధ్య కూర్చుని, విన్నారుగా, మళ్ళీ నేను చెప్పాలా అని నవ్వేవారు. ఇప్పటి పిల్లలకి చెబితే నమ్మరు గానీ, అలా మాట్లాడుకోవడంలోనూ ఒక చనువు ఉండేది.

తర్వాత పటమటలో ఇల్లు కట్టుకున్నాం. ఏమేం కావాలో చెప్పమంటే అత్తయ్యగారు అడిగింది ఒక్కటే, తడిక బాధ లేకుండా మంచి పందిరి. మావారు తల్లి మీద ప్రేమ కొద్దీ దక్షిణపు గోడ పక్కన నీళ్ళ గొట్టాలంత లావు ఇనప గొట్టాలతో పందిరి వెల్డింగు చేయించి, దానికి నిగనిగలాడే ఆకుపచ్చ రంగు వేయించారు. వైశాఖంలో గృహప్రవేశం చేశాం. ఆ జ్యేష్ఠంలోనే, వాన చుక్క పడకముందే, ఒక మధ్యాహ్నం గుండెల్లో నొప్పంటూ ఒరిగిన అత్తయ్యగారు మరి లేవలేదు. గింజల సీసా అలాగే వంటింటి అలమరలో ఉండిపోయింది.

కర్మలయ్యి చుట్టాలంతా వెళ్ళాక ఆ కొత్త ఇంట్లో మామయ్యగారూ నేనూ ఇద్దరమే మిగిలేవాళ్ళం, మావారు వారంలో సగం రోజులు క్యాంపుల్లోనే ఉండేవారు కాబట్టి. మధ్యలో మనిషి లేకపోతే మామాకోడళ్ళం ఎలా మాట్లాడుకోవాలో మాకు తెలియలేదు. ఆయన వంటింటి గుమ్మం దాకా వచ్చి, గొంతు సవరించుకుని, అలవాటు కొద్దీ ఎవరికోసమో చూసి వెనక్కి వెళ్ళిపోయేవారు. నేను కంచం పెట్టి తలుపు చాటుకి వెళ్ళేదాన్ని. మజ్జిగ కావాలో వద్దో అడగడానికి కూడా నోరు వచ్చేది కాదు.

ఆషాఢంలో ఆయనే ఒకరోజు ఆ సీసా తీసుకుని పందిరి దగ్గరికి వెళ్ళారు. జన్మలో మట్టి ముట్టుకోని మనిషి గుంటలు తవ్వి సగం గింజలు వేశారు. మొలకలు లేచాయి, రెండాకులు తొడిగాయి, పసుపుపచ్చగా మారి ఒక్కొక్కటే వాలిపోయాయి. పనిమనిషి దిష్టన్నది, పందిరికి పాత చెప్పు కట్టింది. పక్కింటి టీచరమ్మ, ఆదివారం చర్చి నుంచి వస్తూ గోడ మీంచి తొంగి చూసి, చెప్పు సంగతి సరేనండీ, ఆ మట్టొకసారి తవ్వి చూడండి అన్నారు. తవ్వితే ఏముంది, ఇల్లు కట్టినప్పటి సిమెంటు పెళ్ళలు, ఇటుక ముక్కలు, సున్నం. అదంతా తీయించి బందరు కాలవ ఒండ్రుమట్టి నింపించాం.

కానీ విత్తనం సగమే మిగిలింది. చల్లపల్లికి కబురు పెడితే అక్కడి పెరట్లో ఎప్పుడో గేదెల పాక వేశారనీ, చిక్కుడు పాదు పోయి చాలా ఏళ్ళయిందనీ చెప్పారు. అంటే అత్తయ్యగారి విత్తనం ఆ సీసా అడుగున తప్ప లోకంలో ఇంకెక్కడా లేదన్నమాట. ఆ మాట విన్న రోజు మామయ్యగారు అన్నం సరిగా తినలేదు. శ్రావణం రాగానే మిగిలిన గింజలన్నీ వేసేశారు, అవీ పోతే ఇక ఆవిడ చేతి చిక్కుడు లేనట్టే.

ఈసారి మొక్కలు ఏపుగా లేచాయి, తీగలూ సాగాయి. పందిరి మాత్రం ఎక్కవు. లావు గొట్టం నున్నగా జారిపోతోందేమోనని కొబ్బరితాడు కొనుక్కొచ్చి గొట్టాలన్నిటికీ చుట్టారు. అయినా ఎక్కవు. రోజూ సాయంత్రం దీపం వేళకి ఆయన ఒక్కొక్క తీగనీ తాడు చుట్టూ చుట్టి లోపలికి వచ్చేవారు, తెల్లవారి చూస్తే అన్నీ విడిపోయి నేల మీద. దారంతో బిగించి కడితే కొసలు విరిగాయి, కొన్ని వానకి బురదలో కుళ్ళాయి. నాలుగైదు తీగలు మిగిలే సరికి ఆయన ముఖం చూడలేకపోయేదాన్ని.

అంతలో మావారు క్యాంపు నుంచి వచ్చి, పాదుని ఎవరన్నా ముట్టుకుంటున్నారా అని నాన్న అడుగుతున్నారే అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరన్నా అంటే ఆ ఇంట్లో నేను కాక ఇంకెవరు? నెలలో బయట ఉన్న రోజుల్లో పాదు దగ్గరికి వెళ్ళకూడదన్నది అత్తయ్యగారి నియమం, నేను తప్పానేమోనని ఆయన అనుమానం కాబోలు, అడగలేక నలిగిపోతున్నారు. నేనా, చెప్పుకోలేక నలిగిపోతున్నాను. పోపు మాడ్చాను, గిన్నెలు గట్టిగా పెట్టాను, వంటింట్లో నిలబడి ఏడ్చాను. అత్తయ్యగారుంటే ఒక్క మాటతో తేలిపోయేది.

మావారు మళ్ళీ క్యాంపుకి వెళ్ళిన మర్నాడు పొద్దున్నే మామయ్యగారు పడక కుర్చీ తెచ్చి పందిరి ఎదురుగా వేసుకుని కూర్చున్నారు. లూప్ లైన్లో బండి ఆగిపోతే సిగ్నలు కోసం గంటలకి గంటలు కాచుకున్న ప్రాణం, దొంగెవరో చూద్దామని కూర్చున్నట్టున్నారు. నాకూ పంతం వచ్చింది. చేటలో బియ్యం పోసుకుని వెళ్ళి, ఆయనకి కనపడేలా మెట్ల మీద కూర్చుని రాళ్ళు ఏరడం మొదలుపెట్టాను. నేను కూర్చునేటప్పటికి అన్నిట్లోకీ పొడుగైన తీగ కొస వీధి గేటు వైపు చూస్తోంది. చేటెడు బియ్యం సగమయ్యేసరికి కొళాయి వైపు చూస్తోంది. గాలి లేదు, ఎవరూ ముట్టుకోలేదు. నేను ఏరడం ఆపేశాను, ఆయన కుర్చీలో ముందుకి వంగారు. బియ్యం అయిపోయేసరికి ఆ కొస ఒక చుట్టు తిరిగి మళ్ళీ గేటు దగ్గరికి రాబోతోంది, గుడ్డివాళ్ళు చెయ్యి చాపి గోడ వెతుక్కుంటున్నట్టు. ఆయన చుట్టిన వైపు కాదు, దానికి సరిగ్గా ఎదురు వైపు.

మామయ్యగారు నా వైపు తిరిగారు.

"అప్రదక్షిణంగా తిరుగుతోందమ్మా."

ఆయన నాతో నేరుగా అన్న మొదటి మాట అది. దేవుడి చుట్టూ, తులసికోట చుట్టూ తిరిగినట్టే తీగని కూడా ఇన్నాళ్ళూ ప్రదక్షిణంగా చుట్టారు. దీపాలవేళ ఇంకో వైపు తిప్పాలన్న ఆలోచన మన ఇళ్ళల్లో ఎవరికి వస్తుంది? అది దాని దారిన అది విప్పుకుంటోంది. ఇందులో దొంగ లేడు, దిష్టి లేదు, నా మైల లేదు. ఇకనేం మరి, ఆ వైపే చుట్టేద్దామండీ మామయ్యగారూ అన్నాను, నాకు తెలియకుండానే నా నోటి వెంటా మాట వచ్చేసింది. ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని చూసుకున్నారు.

"ఆ వైపు మొన్న జ్యేష్ఠంలో తిరిగానమ్మా, మీ అత్తయ్య చుట్టూ. మళ్ళీ ఈ చేతుల్తో ఆ వైపు తిప్పలేను. నువ్వు విప్పు."

కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే కారనిచ్చి, వెళ్ళి ఆయన కట్టిన దారాలన్నీ విప్పాను. తిప్పడానికి నాకూ చెయ్యి రాలేదు. కొసల్ని తాడు పక్కన ఆనించి వదిలేశాను, అంతే. మర్నాడు పొద్దున్న, అమ్మాయ్ ఇట్రా అని పెరట్లోంచి కేక. పిండి చేతులతో పరిగెత్తాను. తీగ తనంతట తనే తాడు చుట్టూ ఒక మెలిక వేసుకుని, కొస పైకెత్తి నిలబడి ఉంది. ఆయన ముఖం చిన్నపిల్లాడి ముఖంలా ఉంది.

"మీ అత్తయ్య విత్తనం కదమ్మా, మనం చెప్పిన వైపు తిరుగుతుందా ఎక్కడన్నా."

ఇద్దరం నవ్వాం. ఆ ఇంట్లో గృహప్రవేశం నాటి నుంచీ వినపడని నవ్వు అది. ఆ రోజు నుంచి కాఫీలో పంచదార సంగతి నాతోనే చెప్పేవారు, కొంచెం మొహమాటంగా.

మాఘం వచ్చేసరికి పందిరి కనపడనంత కాపు. ఏడాది తిరగలేదని మిగతా పండగలన్నీ మానేశాం గానీ, ఆవిడ చిక్కుడు రథం ఆపడానికి మనసొప్పలేదు. రథసప్తమి పొద్దున్న కాయలూ ఆకులూ కోసి పళ్ళెంలో పెట్టుకుని వెళ్ళాను. ఆయన కొబ్బరి పుల్లలు చీలుస్తూ కూర్చున్నారు. పళ్ళెం ముందు పెట్టి వెనక్కి తిరగబోయి ఆగాను. అనొచ్చో అనకూడదో తెలియదు, అనకపోతే మాత్రం ఆ పండగ పండగ కాదనిపించింది. ఈసారైనా చక్రాలు వంకర పోకుండా చూడండి మామయ్యగారూ అన్నాను. ఆయన చేతిలో పుల్ల ఆగిపోయింది. తలెత్తకుండా, అలాగేనమ్మా అన్నారు. పైపంచెతో కళ్ళు తుడుచుకుని మళ్ళీ గుచ్చడం మొదలుపెట్టారు. చక్రాలు వంకరగానే వచ్చాయి.

రెండువేలు దాటిన కొన్నేళ్ళకి ఆయనా వెళ్ళిపోయారు. మగవాళ్ళంతా శ్మశానానికి వెళ్ళాక నేను పెరట్లోకి వచ్చి పందిరి దగ్గర నిలబడ్డాను. ఆ సమయానికి అక్కడ మావారు కుండ ఎత్తుకుని తండ్రి చుట్టూ తిరుగుతూ ఉంటారు, ఇక్కడ తీగ తాడు చుట్టూ అదే వైపు తిరుగుతూ పైకి పోతోంది. పోయినవాళ్ళ కోసం తిరిగే వైపూ, బతికేందుకు తీగ తిరిగే వైపూ ఒకటే అనిపించి, ఎందుకో చాలా ఊరట కలిగింది. ఆ మాట ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు, మీకే చెబుతున్నాను.

ఆ ఇల్లు అపార్టుమెంటు అయిపోయింది. ఆ స్థలంలోనే మూడో అంతస్తులో ఉంటున్నాం. విత్తనం మా ఆడపడుచు పెరట్లో బతికే ఉంది, ఏటా రథసప్తమికి తడిగుడ్డలో చుట్టి ఆకులూ కాయలూ పంపుతుంది, వాటితో నేనే వంకర చక్రాల రథం చేస్తాను.

ఇదంతా పక్క ఫ్లాటు అమ్మాయికి ఎక్కడ చెబుతాను? క్లిప్పులన్నీ తీసేసి, తీగ కొసని పందిరికి ఆనించి, దీన్ని నువ్వు చుట్టకమ్మా, ఎటు తిరుగుతుందో కాసేపు కూర్చుని చూడు అన్నాను. కాసేపంటే ఎంతసేపాంటీ అంది. చేటెడు బియ్యంలో రాళ్ళు ఏరినంతసేపు అన్నాను. ఇప్పుడు బియ్యంలో రాళ్ళెక్కడున్నాయి ఆంటీ అని నవ్వి, ఫోను మోగితే లోపలికి వెళ్ళింది. నిజమే, ఇప్పుడు బియ్యం ఏరే పనే లేదు. ఇళ్ళల్లో అందరూ అందరితో నేరుగానే మాట్లాడుకుంటున్నారు, ఎవరికీ మధ్యలో మనిషి అక్కర్లేదు, అది మంచిదే. కానీ మాటల్లేకుండా ఇద్దరు మనుషులు ఒక తీగని చూస్తూ ఒక పొద్దంతా కూర్చోవడం ఇప్పుడు ఏ ఇంట్లో ఉందో నాకు తెలియదు. ఆ అమ్మాయి వచ్చేదాకా దాని దగ్గర ఎవరో ఒకరు ఉండాలి కదా అని, స్టూలు లాక్కుని నేనే కూర్చున్నాను.