ప్రీక్వెల్ మీద నా అమూల్యాభిప్రాయం

తలవంచుకోవాల్సిన సందర్భాలు నా జీవితంలో చాలానే వచ్చాయి. కానీ వంచిన తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అల్లాడింది మాత్రం ఒక్కసారే. పంజాగుట్టలో ఒక ఆదివారం పొద్దున జరిగిన ఆ ఘోరం ఇప్పుడు చెబుతాను. మీరు నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. నాకు మాత్రం ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. అమీర్‌పేటలో ఏ గోడ చూసినా కంప్యూటర్ కోర్సుల ప్రకటనలే. నేను తణుకు నుంచి వచ్చి, హాస్టల్లో దిగి, ఒక బిల్డింగు ఐదో అంతస్తులో జావా నేర్చుకుంటున్నాను. అంటే ఫీజు కట్టాను. ఇంగ్లీషు నవలలు చదివితే ఇంటర్వ్యూలో నోరు పెగులుతుందని రూమ్మేటు చెబితే, పంజాగుట్ట సందులో హమీద్ భాయ్ నడిపే అద్దె పుస్తకాల షాపులో చేరాను. అక్కడే 'ఉప్పుకోట' నన్ను పట్టుకుంది.

ఉప్పుకోట అంటే ఆరు సంపుటాల మహాగాథ. రాజులు, మంత్రాలు, యుద్ధాలు. ఒక్కో సంపుటం ఇటుకంత. అందులో డోర్వాన్ అనే సేనాని ఉంటాడు. మూడో భాగంలో కన్ను పోగొట్టుకుంటాడు, ఆరో భాగం చివర కోట గుమ్మంలో ఒంటరిగా పోరాడి చచ్చిపోతాడు. ఆ చావు చదివి నేను రెండు రోజులు మెస్‌లో సాంబారు వైపు కూడా చూడలేదు. (సాంబారు కూడా చూడదగ్గట్టు ఉండేది కాదనుకోండి.)

కొన్నాళ్లకి నేను షాపుకి వెళ్లగానే హమీద్ భాయ్ పరుగున వచ్చి, "సాబ్, ఉప్పుకోట ప్రీక్వెల్ వచ్చిందంట!" అన్నాడు.

"తెలుసు భాయ్" అన్నాను గంభీరంగా. తెలిసింది ఏమీ లేదు. సీక్వెల్ అంటే తెలుసు. ప్రీక్వెల్ అంటే ప్రీపెయిడ్ సిమ్ లాంటిదేదో, ముందుగా బుక్ చేసుకునే సీక్వెల్ అయ్యుంటుందని నిర్ణయించేశాను. షాపులో కాపీ కోసం ఎదురుచూసే ఓపిక లేక ఫుట్‌పాత్ మీద దొంగ ప్రింటు కొన్నాను. దానికి అట్టా లేదు, ముందు పేజీలూ లేవు. సరాసరి కథలోనే పడ్డాను.

పడగానే అదిరిపడ్డాను. డోర్వాన్ బతికే ఉన్నాడు! పైగా రెండు కళ్లతో! ఇరవై ఏళ్ల కుర్రాడిలా గుర్రమెక్కి ఈలలు వేస్తున్నాడు. ఆరో భాగంలో మనవల్ని ఆడించిన మహారాణి ఇక్కడ గౌను వేసుకుని బొమ్మలాట ఆడుతోంది.

మీకు విషయం అర్థమైపోయింది కదా? నాకు నాలుగు వందల పేజీలు చదివినా అర్థం కాలేదు. రచయితకి మతిపోయిందని మాత్రం అర్థమైంది.

ఏమీ లేని విస్తరి ఎగిరెగిరి పడుతుందంటారు. నేను విస్తరిని కూడా కాదు, గాలికి లేచిన జిరాక్స్ కాగితాన్ని. 'రచయిత చేసిన తొమ్మిది ఘోరమైన తప్పులు' అని ఇంగ్లీషులో రెండు పేజీలు రాసి హమీద్ భాయ్ చేతిలో పెట్టాను. ఆయనకి ఉర్దూ, తెలుగు తప్ప చదవడం రాదు. మురిసిపోయి షాపు అద్దం తలుపుకి అతికించాడు. మూడు రోజుల్లో తలుపు ముందు జనం. చదివినవాడల్లా నవ్వుతున్నాడు. నా చమత్కారం అలాంటిదని పొంగిపోయాను.

ఆ ఆదివారం షాపులోనే పాఠకుల సమావేశం. ఎనిమిది స్టూళ్లు, ఇరానీ చాయ్. బడిలో ఇంగ్లీషు చెప్పే గ్రేస్ మేడమ్ పెద్దరికం. చర్చి నుంచి నేరుగా వచ్చి కూర్చున్నారు. మొదట ఒక నలభై అయిదేళ్ల మనిషి లేచాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, చేతిలో మడతపెట్టిన కాగితం.

"నేను ఎప్పుడు మాట్లాడలే మేడమ్. గీ పుస్తకం నాకు మస్తు నచ్చింది. డోర్వాన్ నవ్వినప్పుడల్లా ఏడుపొచ్చింది."

నేను ఆగలేకపోయాను. "నవ్వితే ఏడుపేంటండీ?"

"గాయన చచ్చిపోతడు గద సార్."

"చచ్చిపోతాడు కాదు, చచ్చిపోయాడు! ఆరో భాగంలో! చచ్చినవాడు రెండు కళ్లేసుకుని లేచొస్తే మీకు అనుమానం రాలేదా? ఇంగ్లీషు రానప్పుడు ఇలాంటి పుస్తకాల జోలికి రాకూడదండీ. బొమ్మల పుస్తకాలున్నాయి కదా, అవి చదువుకోండి."

ఆయన కాగితాన్ని ఇంకో మడత పెట్టి జేబులో పెట్టుకున్నాడు. కూర్చున్నాడు. తల ఎత్తలేదు.

గ్రేస్ మేడమ్ చాయ్ గ్లాసు కింద పెట్టారు. "బాబూ, ప్రీక్వెల్ అంటే ఏంటి?"

"సీక్వెల్ అండీ. ముందుగా..."

"ముందుగా?"

"ముందుగా బుక్ చేసుకునే..."

ఎవరో చాయ్ మింగలేక దగ్గారు. మేడమ్ నెమ్మదిగా అన్నారు. "ఇది మొదటి భాగానికి ముప్పై ఏళ్ల ముందు జరిగిన కథ బాబూ. అతని కన్ను ఇంకా పోలేదు. అతను ఇంకా చావలేదు. మహారాణికి ఏడేళ్లు."

నా తొమ్మిది తప్పులూ రచయితని వదిలి ఒక్కొక్కటే వచ్చి నా భుజాల మీద కూర్చున్నాయి. షాపంతా గొల్లుమంది.

"భాయ్, మరి తలుపు దగ్గర జనం..." అన్నాను నీళ్లు నములుతూ.

"నవ్వనీకే వస్తున్నరేమో సాబ్. నాకేం తెల్సు, గిరాకీ పెరిగిందని నేను ఖుష్ అయిన!" అన్నాడు హమీద్ భాయ్.

నవ్వనిది ఒక్క తెల్లచొక్కా మనిషే. "పోనీయుండ్రి" అన్నాడు అందరితో. "సార్‌ది ఐదో ఫ్లోర్. పొద్దుగాలనే క్లాసుంటది. మంచిగ చదువనీకి టైం యాడుంటది?"

నాది ఐదో ఫ్లోరని ఈయనకెలా తెలుసు? అప్పుడు మొదటిసారి ఆయన ముఖం చూశాను. మా బిల్డింగు లిఫ్టు నడిపే యాదగిరి. ఆర్నెల్లుగా రోజూ నన్ను పైకి తీసుకెళ్తున్న మనిషి. ఖాకీ చొక్కా లేకపోయేసరికి పోల్చుకోలేకపోయాను. లిఫ్టులో ఆయన స్టూలు పక్కన లావుపాటి పుస్తకం, దాని మీద డిక్షనరీ ఉండటం ఎన్నోసార్లు చూశాను. ఆ మనిషినే చూడలేదు.

మర్నాటి నుంచి నేను మెట్లెక్కాను. ఐదంతస్తులు, ఎనిమిది రోజులు. క్లాసుకి చేరేసరికి నా ఆయాసం విని సార్ పాఠం ఆపేవారు. తొమ్మిదో రోజు యాదగిరి లిఫ్టు తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"ఎక్కుండ్రి సార్. ఇంకెన్ని దినాలు ఎక్కుతరు గా మెట్లు?"

ఎక్కాను. లోపల ఇంకో నలుగురున్నారు. రెండో అంతస్తు దాటాక నోరు విప్పాను. "అన్నా, తప్పయిపోయింది. ఆరోజు మీరు రాసుకొచ్చిన కాగితం ఇస్తే చదువుతాను. అందరి ముందూ నేనే చదువుతాను."

"గా కాగితమా? ఆ దినమే చింపేసిన సార్."

మూడో అంతస్తు వెళ్లిపోయింది. నా ముఖం చూసి ఆయనకే జాలేసినట్టుంది.

"జర ఆలోచించుండ్రి సార్" అన్నాడు. "డోర్వాన్ చస్తడని మేమందరం ఏడ్చినం. ఇంత పెద్ద హైదరాబాద్‌ల ఆయన ఎందుకు బతికున్నడని కొట్లాడినోళ్లు మీరొక్కరే!"

లిఫ్టులో ఉన్న నలుగురూ పగలబడి నవ్వారు. వాళ్లతో పాటు ఆయనా నవ్వాడు. నాలుగో అంతస్తులో నేనూ నవ్వబోయి ఏడ్చినంత పని చేశాను.

ఐదో అంతస్తులో దిగి, క్లాసు బయట విడిచిన బూట్ల కుప్ప ముందు నిలబడి, కుడిచెయ్యి చాచి ప్రతిజ్ఞ చేశాను: ఇకమీదట ఏ పుస్తకం మీదైనా తీర్పు చెప్పేముందు, అది కథకి ముందు జరిగిందో వెనక జరిగిందో ముగ్గుర్ని అడిగి కనుక్కుంటాను. ఆ ముగ్గురిలో ఒకరు లేచి మాట్లాడుతుంటే, వారు కూర్చునేదాకా నా నోటికి తాళం వేసుకుంటాను. ఈ ప్రతిజ్ఞ తప్పితే, నా శేష జీవితం మెట్ల మీదే గడుచుగాక!