రెండో రోజు ఆపేసిన పరీక్ష

నాలుగు హార్డ్ డిస్కుల్లో రెండు పనికిరానివని వాటి చేతే చెప్పించుకుని, వాటి మీదే ఒక పెద్దాయన ముప్పై ఏళ్ళ కష్టాన్ని ఎక్కించిన ఘనుణ్ణి నేను. చోడవరంలో కంప్యూటర్లు బాగుచేసేవాళ్ళు ఇంకా నలుగురున్నారు. వాళ్ళు తప్పులు చేస్తే తెలియక చేస్తారు. తెలిసి చేయగల తెలివి నాకొక్కడికే ఉంది. పరీక్ష పెట్టాను. జవాబు వచ్చింది. ఆ జవాబు నాకు నచ్చలేదు. పరీక్షనే ఆపేశాను.

ఆ కష్టమంతా పోయి ఏడేళ్ళయింది. అప్పటినుంచి దీన్ని మోస్తున్నాను. మోస్తున్నానంటే అదేదో గొప్ప వేదనలా వినిపిస్తుంది. కాదు. తిన్నాను, పడుకున్నాను, బేరాలాడాను, నవ్వాను. ఆ పెద్దాయన ఇంటి వీధిలోకి మాత్రం బండి తిప్పలేదు. ఇంకో రెండు వీధులు చుట్టి వెళ్ళాను. నా పశ్చాత్తాపం ఖరీదు ఏడేళ్ళలో మహా అయితే నాలుగు లీటర్ల పెట్రోలు.

పేరు చెప్పను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళ ముందు నోరు పెగిలే మనిషినైతే ఇన్నేళ్ళు పట్టేదా?

మా నాన్నది స్టీలు సామాన్ల కొట్టు. గిన్నెల మోత మధ్య పెరిగాను. మా వీధి కొట్లవాళ్ళకి ఒక పద్ధతుంది. సరుకుని బేరానికి ముందు ఎంతసేపైనా చూడొచ్చు, తట్టొచ్చు, గోకొచ్చు, వాసన చూడొచ్చు. ధర తెగాక మాత్రం విప్పి చూడకూడదు. మూట కట్టుకుని తిరిగి చూడకుండా వచ్చేయాలి. ఇంటికొచ్చాక సొట్ట కనబడితే మన ఖర్మ. ఆ సొట్ట కంచం ఎవరికి అంటగట్టాలో చూసుకోవాలి తప్ప వెనక్కి పట్టుకెళ్ళకూడదు. ఒకాయన ఒకసారి పాతిక కంచాలు వెనక్కి పట్టుకెళ్ళాడు. ఆ రోజునుంచి పోయేదాకా ఆయన పేరు వాపసు సూరిబాబు. ఆయన కూతురి పెళ్ళి శుభలేఖ చూసి కూడా మావాళ్ళు వాపసు గారి అమ్మాయి పెళ్ళి అన్నారు. మా లెక్కలో మోసపోవడం తప్పు కాదు, మోసపోయానని వెళ్ళి చెప్పుకోవడం తప్పు. ఈ దిక్కుమాలిన పద్ధతిని నేను పరువు అనుకుని పెరిగాను.

ప్రసాదరావు మాస్టారు బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఆదివారాలు చర్చిలో పాటలు నేర్పేవారు. ఉద్యోగంలో ఉన్నప్పటినుంచీ ఆయనకొక పిచ్చి. టేపురికార్డరు సైకిలుకి కట్టుకుని చీడికాడ వైపు, మాడుగుల వైపు పల్లెల్లోని ప్రార్థన మందిరాలకి వెళ్ళేవారు. కీర్తనల పుస్తకంలో పాట ఒకటే, మాటలూ అవే. వరస మాత్రం ఊరూరికీ మారుతుందట. ఒక ఊళ్ళో వరినాట్ల పాటలాగా సాగదీస్తారట, ఇంకో ఊళ్ళో చరణం చివర గొంతు విరుస్తారట. ఎవరూ ఎక్కడా రాసిపెట్టలేదు కాబట్టి ఆ ముసలివాళ్ళు పోతే ఆ వరసలూ పోతాయని ఆయన బెంగ. అలా మూడువందల పన్నెండు క్యాసెట్లు పోగుచేశారు. ముసలమ్మల దగ్గులు పోగుచేసే మనిషని నేను మా కొట్టులో నవ్వుకునేవాణ్ణి.

క్యాసెట్లకి బూజు పడుతుంటే ఆయన కోడలు సువార్త ఆ పనికి పూనుకుంది. ఆమె భర్తకి చక్కెర ఫ్యాక్టరీలో ఉద్యోగం. వంట ముగించుకుని మధ్యాహ్నాలు కూర్చుని ఒక్కొక్క క్యాసెట్టునీ కంప్యూటరులోకి ఎక్కించేది. గంట క్యాసెట్టుకి గంట పడుతుంది, తొందరపెడితే కుదరదు. ఏ ఊరు, ఎవరు పాడారు, వెనక దరువు ఎవరిది, అన్నీ మావగారిని అడిగి రాసేది. రెండేళ్ళు పట్టింది. అన్నీ ఒకచోట భద్రంగా ఉండాలని, ఇంట్లో ఒక మూల పెట్టుకునే స్టోరేజీ సర్వరు తయారుచేసి ఇమ్మని మాస్టారు నన్ను అడిగారు. నాలుగు డిస్కులు పట్టే పెట్టె. ఒక డిస్కు పోయినా మిగతా మూడూ కలిసి సరుకు కాపాడతాయి. రెండు పోతే మాత్రం అంతా పోయినట్టే.

డిస్కులకి విశాఖపట్నం వెళ్ళాను. మేడ మీద ఇరుకు కొట్టు. కొత్తవేనన్నాడు. అట్టపెట్టెలు లేవు, వెండిరంగు కవర్లలో ఉన్నాయి. నేను కవర్లు తిప్పి చూశానా? లేదు, ధర మీద పడ్డాను. రెండుసార్లు లేచి మెట్లు దిగాను. రెండోసారి మూడో మెట్టు మీదుండగా పిలిచి, "మీలాటోళ్ళు రోజుకిద్దరొస్తే నాను కొట్టు మూసుకోవాల బాబూ" అన్నాడు. ఆ మాటకి పొంగిపోయాను. చోడవరం బస్సులో సంచీ ఒళ్ళో పెట్టుకుని దారి పొడుగునా నాలో నేనే నవ్వుకున్నాను. కొనేవాణ్ణి పొగిడాడంటే అమ్మేవాడి పని అయిపోయిందని అంత బేరగాడికి తట్టలేదు. దిగగానే మాస్టారింటికెళ్ళి మెట్ల కథంతా నటించి మరీ చూపించాను. ఆయన పడీ పడీ నవ్వారు.

ఆ తర్వాత పరీక్ష. ప్రతి డిస్కూ తన వయసు తనలోనే రాసుకుంటుంది, ఎన్ని గంటలు తిరిగిందో లెక్క ఉంటుంది. కొత్తదైతే సున్నా, కాకపోతే ఒకటి రెండు గంటలు. రెండు డిస్కులు అలాగే ఉన్నాయి. మిగతా రెండూ ఇరవైఆరు వేల గంటలు దాటేశాయి. అంటే మూడేళ్ళు ఆగకుండా తిరిగాయి. ఏ కొట్టులోనో సీసీ కెమెరాల రికార్డింగు పెట్టెలో అరిగి, తుడిపించుకుని వచ్చిన సరుకు. అయినా నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మూడేళ్ళు తిరిగి చావలేదంటే గట్టివే అనుకున్నాను. ఎంత చక్కటి వాదన! ఆ వాదనని కొట్టులో నా ముందు ఎవడైనా చేసుంటే ముఖం మీదే నవ్వేవాణ్ణి.

అసలు పరీక్ష ఆ తర్వాతది. డిస్కు మొదటినుంచి చివరిదాకా అంగుళం వదలకుండా రాయాలి, రాసింది తిరిగి చదవాలి, అలా నాలుగుసార్లు. మూడు రోజుల పని. రెండో రోజు మధ్యాహ్నం టీ గ్లాసుతో తెర ముందు కూర్చుంటే, ఆ ముసలి డిస్కుల్లో ఒకదాని మీద తప్పులు పడటం మొదలైంది. నాలుగు, తొమ్మిది, పదిహేడు. నేను చూస్తుండగానే పెరుగుతున్నాయి. టీ చల్లారింది.

ఏం చేయాలో తెలియక కాదు. విశాఖపట్నం బస్సు గంటకొకటి ఉంది. పట్టుకెళ్ళి వాడి బల్ల మీద పడేసి మార్చమనాలి. వాడు మార్చకపోతే మాస్టారి దగ్గరికెళ్ళి మోసపోయాను, కొత్తవి కొందాం అని చెప్పాలి. అంతే. కానీ వాడి మెట్లెక్కి ఆ మాట ఎలా అనాలి? మెట్ల కథ నటించి చూపించిన ఇంట్లో, అవే మెట్ల మీద నాకు టోపీ పెట్టారని ఎలా చెప్పాలి? డబ్బు కోసం చేసుంటే కనీసం దొంగనని ఒక పేరుండేది. నేను డబ్బు కోసం చేయలేదు. వాపసు అన్న మాట నా పేరుకి ముందు చేరకూడదని చేశాను. ఎవరు చేరుస్తారు? మా నాన్న అప్పటికే కొట్టు మూసేశాడు. ఆ వీధిలో సూరిబాబు ఎవరో తెలిసినవాళ్ళే ఇద్దరో ముగ్గురో మిగిలారు.

పరీక్ష ఆపాను. డిస్కులు తుడిచి పెట్టెలో బిగించాను. సువార్త ఎక్కించినవన్నీ అందులో పోసి, కంప్యూటరు నిండిపోయిందని అక్కడివి చెరిపేశాను. మూడు రోజులు పరీక్షించానని చెప్పాను. అంతటితో ఊరుకున్నానా? బూజు పట్టిన క్యాసెట్లు ఇంకా ఎందుకు, ఇంట్లో జబ్బులు, పారేయండి మాస్టారూ అని సలహా కూడా ఇచ్చాను. గోనెసంచులు మోసి పాత సామాన్ల బండిలో వేసింది కూడా నేనే.

ఏడాది తిరక్కుండానే ఆ ముసలి డిస్కుల్లో ఒకటి పోయింది. కొత్తది తెచ్చి పెట్టాను. పోయినదాని సరుకుని కొత్తదానిలో నింపాలంటే పెట్టె మిగతా మూడింటినీ మొదలంటా చదవాలి. ఆ చదువు సగంలో ఉండగా రెండో ముసలిది కూడా పోయింది. మాస్టారు పెట్టె ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నారు. సువార్త చేతులకి పిండితోనే వచ్చి గుమ్మంలో నిలబడింది.

"రెండోదీ పోయిందంటావేటి బాబూ?" అన్నారు మాస్టారు.

"పోయింది మాస్టారూ."

"కొత్తయే కదరా? పరీక్ష సేసేనన్నావు."

"సేసేను. మూడ్రోజులు సేసేను. కరెంటు దెబ్బ తగిల్తే కొత్తదేటి, పాతదేటి."

అప్పుడు సువార్త నోరు విప్పింది. నేను అడగలేదు.

"అన్నయ్యా, మొన్న ఈ బోర్డుకే గ్రైండరు పెట్టేను. టప్పుమని ఫీజెగిరిపోయింది. దానివల్ల గానీ..."

ఆ గ్రైండరు వల్ల ఏమీ కాలేదు. పెట్టెకి కరెంటిచ్చే భాగం బాగానే ఉంది, ముందే విప్పి చూసుకున్నాను. అయినా అడిగాను.

"ఎన్నిసార్లు పెట్టేవమ్మా?"

"రెండు మూడు సార్లు. వంటింట్లో ప్లగ్గు పన్జెయ్యట్లేదని."

"అదేనమ్మా. అదే."

మాస్టారు కోడలి వైపు తిరగలేదు. పెట్టెకేసే చూస్తూ, "ఎక్కించిందీ నువ్వే, ఊడగొట్టిందీ నువ్వేనా సువార్తా" అన్నారు.

"సూసుకోలేదు మావయ్యా." పిండి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకి తెలియలేదు. నన్నే అడిగింది. "హైదరాబాదు పంపితే తీస్తారంట కదన్నయ్యా? నా గాజులున్నాయి."

"లచ్చలవుతాది. అయినా రాదమ్మా. మాడిపోయేయి."

అబద్ధం. వచ్చేదో రాదో నాకు తెలియదు, చాలావరకు వచ్చేదేమో. కానీ అక్కడివాళ్ళు డిస్కు విప్పి ఒక కాగితం రాసిస్తారు. అందులో ఎన్ని గంటలు తిరిగిందో ఉంటుంది. ఇరవైఆరు వేల గంటలని ఉంటుంది. అందుకని పారేస్తానని ఆ రెండు డిస్కులూ కొట్టుకి తెచ్చుకున్నాను. డ్రిల్లు మిషనుతో ఒక్కోదానికి మూడేసి కన్నాలు పెట్టాను. మొదటి పని పరువు కోసం చేశాననుకుందాం. ఈ కన్నాలకి ఏం పేరు పెట్టాలి? ఏడేళ్ళుగా వెతుకుతున్నాను. మర్యాదైన మాట ఒక్కటీ దొరకలేదు.

చర్చిలో పాట ఎత్తుకునేది సువార్తే. ఆ తర్వాత మాస్టారు ఆమెని ఎత్తమనడం మానేశారు. తిట్టలేదు, కొట్టలేదు. అడగడం మానేశారు, అంతే. ఆమె వెనక వరసలోకి వెళ్ళిపోయింది. ఇదంతా నేను కళ్ళతో చూసింది కాదు, ఎవరో చెబితే విన్నది. విని, కుటుంబాలన్నాక ఏవో ఉంటాయి అన్నాను.

పోయిన వారం సువార్త నా కొట్టుకి వచ్చింది. రెండేళ్ళుగా ఆదివారాలు ఆటోల్లో తిరుగుతోందట. మావగారు తిరిగిన పల్లెలకే, చిన్న రికార్డరు పట్టుకుని. పాత గొంతులు చాలావరకు లేవు. వాళ్ళ పిల్లలకి గుర్తున్నంత పాడితే పట్టుకొస్తోంది. నలభై పాటలయ్యాయట. మళ్ళీ సర్వరు కావాలంది. బట్టలు కుట్టి దాచుకున్న డబ్బు తెచ్చింది. పెట్టె కోసం మీటరు దగ్గర్నుంచి విడిగా వైరు లాగించిందట, గదికి పెద్ద బ్యాటరీ పెట్టించిందట. దేనికమ్మా అంత అంటే, "మళ్ళీ నా సేత్తో పాడవకూడదన్నయ్యా" అంది.

ఎదురుగా కూర్చుని విన్నాను. అప్పుడైనా చెప్పానా? టీ తెప్పించాను.

డిస్కులు పెద్ద కొట్లో, సీలు వేసినవి, చెప్పిన ధరకి నోరెత్తకుండా కొన్నాను. కొట్టువాడు నన్ను అమాయకుణ్ణి చూసినట్టు చూశాడు. గంటల లెక్క చూశాను, నాలుగూ సున్నా. పెద్ద పరీక్ష పెట్టాను. నాలుగుసార్లు రాయడం, నాలుగుసార్లు చదవడం. ఆ మూడు రోజులూ పక్కన కూర్చుని మీకు ఇది రాశాను. తప్పు ఒక్కటీ పడలేదు. డిస్కులకి అంత తేలిక.

ఈ ఉదయం పెట్టె బిగించి, బిల్లు రాసి, పైన కనబడేలా అంటించి ఆటోలో పంపాను. నేను వెళ్ళలేదు. మాస్టారు కళ్ళజోడు పెట్టుకుని ప్రతి కాగితమూ పైకి చదువుతారు, అది తెలిసే అంటించాను. ఇప్పటిదాకా ఫోను మోగలేదు. మోగకపోయినా సరే. క్షమించమని అందులో రాయలేదు, రాస్తే అదీ బేరమే అయ్యేది. రాశాక మాత్రం చెయ్యి కొంచెం తేలికయింది. ఆ తేలిక పడే హక్కు నాకుందో లేదో తెలియదు, పడిందని మాత్రం చెబుతున్నాను. కార్బన్ కాపీ నా దగ్గరుంది. ఉన్నదున్నట్టు దించుతున్నాను.

సువార్తకి. హార్డ్ డిస్కులు నాలుగు, కొత్తవి, కొన్న ధరకే. పరీక్ష మూడు రోజులు, పూర్తిగా, కూలి లేదు. ఇంతకు ముందు ఇచ్చిన నాలుగింటిలో రెండు వాడేసినవి, ఒకటి పరీక్షలోనే తప్పింది, నాకు తెలుసు. గ్రైండరు వల్ల ఏమీ పోలేదు. పోయినవి హైదరాబాదు పంపితే వచ్చేవేమో, కన్నాలు పెట్టింది నేనే. క్యాసెట్లు పారేయించింది నేనే. నీ చేత్తో ఏదీ పాడవలేదు.

మొత్తం నా వల్ల పోయినవి: మూడువందల పన్నెండు క్యాసెట్లు, నీ రెండేళ్ళ మధ్యాహ్నాలు, ఏడేళ్ళ నీ పాట. తగ్గింపు లేదు.