విఠల్‌రావు గారు కొట్టేసిన మాట

1969లో నన్ను వకీళ్ల క్రమశిక్షణ కమిటీకి షార్ట్‌హ్యాండ్ గుమస్తాగా వేశారు. కోర్టుతోనో కక్షిదారుతోనో అబద్ధమాడిన వకీలును ముగ్గురు సీనియర్ వకీళ్లు కూర్చుని విచారించేవారు. తప్పు తేలితే మందలింపు, లేదా కొంతకాలం సనదు, అంటే వకాలతు చేసే అనుమతి, నిలుపుదల, మరీ ఘోరమైతే వకీళ్ల జాబితా నుంచి పేరు కొట్టివేత. వాంగ్మూలాలు రాసుకుని, టైపు చేసి, చెప్పినవారి చేత సంతకం చేయించడం నా పని.

రెండో నెలలోనే ఒక ఫైలు మీద పేరు చూసి మళ్లీ చదివాను. ఉప్పల్ వకీలు విఠల్‌రావు గారు! నాకు టైపు నేర్పించి, ఈ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టించిన మనిషి. పొద్దున బస్సులో పక్క సీటు మీద కండువా వేసి నాకోసం ఆపేవారు.

ఆయనకో అలవాటుండేది. నాచారం రైతులు పొలం పనులు మానుకుని మాటిమాటికీ కోర్టుకు రాలేరని, తెల్లకాగితాల మీద ముందే వేలిముద్రలు వేయించి ఉంచుకునేవారు. దయతో చేసిన పనే, కాదనను. అట్లా ఉన్న వాటిలో మల్లమ్మ అనే రైతు కాగితం మీద, ఆమె ఒప్పుకుందన్న మరిది మాట నమ్మి, బావిలో ఆమె వాటా వదులుకున్నట్టు రాజీ రాయించారు. కింద "చదివి వినిపించగా నా ఎదుట వేలిముద్ర వేసింది" అని సంతకం పెట్టి కోర్టులో దాఖలు చేశారు. ఆమె ఫిర్యాదు చేశాక కమిటీకిచ్చిన జవాబులోనూ అదే మాట!

విచారణ రోజు మల్లమ్మ రాజీ కాగితం తేదీనాటి దవాఖానా చీటీ చూపించింది. "వకీల్ సాబ్ మంచోడే సారూ. గని ఆ దినం నేను దవాఖానాల మంచం మీదున్న. బావి లేకుంటే నా పొలం ఎండిపోతది."

విఠల్‌రావు గారు లేచారు. ఆ రోజు ఆమె తన ఎదుట లేదని, తానిచ్చిన జవాబు అబద్ధమని చెప్పి కూర్చున్నారు.

టైపు చేసేటప్పుడు నాకు మనసొప్పలేదు. 'అబద్ధం' ఉండాల్సిన చోట 'పొరపాటు' అని కొట్టాను. మందలింపుతో బయటపడతారని ఆశ.

సంతకానికి ఇస్తే కళ్లజోడు తుడుచుకుని చదివారు. "నర్సింలూ, గిదేంది? నేను జెప్పింది గిదేనా?"

"మీ సనదు పోతది సార్," అన్నాను.

"పోనియ్. పొరపాటంటే తారీఖే తప్పు పడ్డదంటరు, రాజీ నిలబడ్తది, ఆమె బావి పోతది. నేను గూడ మంచికే అనుకొని జేసిన. ఇప్పుడు నువ్వు గదే జేస్తున్నవ్."

ఆ మాట కొట్టేసి, పైన తన చేత్తోనే 'అబద్ధం' అని రాసి సంతకం చేశారు. నాకు సిగ్గుతో ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మర్నాడు బస్సెక్కితే కండువా ఎప్పటిలాగే నా సీటు మీద ఉంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఆయన సనదు రెండేళ్లు ఆపేశారు. ఆ వాంగ్మూలం నకలు కోర్టులో పెట్టి మల్లమ్మ రాజీని రద్దు చేయించుకుంది.

రిటైరయ్యేదాకా ఎందరి వాంగ్మూలాలో రాశాను. నాకు ఇష్టమైనవాళ్లవి మాత్రం రెండుసార్లు సరిచూసుకునేవాణ్ణి. వాళ్ల మీద ప్రేమతో నేను మార్చే మాట మల్లమ్మ లాంటి ఇంకొకరి బావిని పోగొడుతుంది.