ఇంకోసారి బాబాయ్ కళ్ళజోడు

ఏ మాటైనా రెండుసార్లు వింటేగానీ బాబాయ్ చెవికెక్కేది కాదు. "ఇంకోసారి చెప్పు నాయనా" అన్నది ఆయన ఊతపదం. ఆ రైల్వే జంక్షన్లో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా చేరిన నాటినుంచీ అదే వరస, అందుకే అందరికీ ఆయన ఇంకోసారి బాబాయ్ అయ్యాడు. పిన్ని పెళ్ళికి సరేనన్నప్పుడు కూడా ఇంకోసారి చెప్పమన్నాడట. "మొదటిసారి సిగ్గుపడుతూ గొణిగాను, రెండోసారి వీధి వీధంతా విన్నది. ఇక తప్పించుకునే దారేదీ?" అని పిన్ని ఇప్పటికీ దెప్పుతుంది.

కొత్తగా వచ్చిన స్టేషన్ మాస్టరుకి ఈ చాదస్తం చూస్తే ఒళ్ళు మండేది. ఒకప్పుడు అక్కడ ఉన్నది నది లైను ఒక్కటే. కొండమీద రాతి గని తెరిచాక కొండ లైను వేశారు, స్టేషను జంక్షనైంది. రెండూ ఒంటి పట్టాల లైన్లే, ఒక బండి వస్తుండగా ఎదురుగా ఇంకోటి వెళ్తే గుద్దుకోవడమే. ఏ లైన్లో వెళ్ళాలన్నా ఆ లైను పేరు చెక్కిన ఇత్తడి బిళ్ళ డ్రైవరు చేతిలో ఉండాలి. బిళ్ళను తోలుసంచిలో పెట్టి మాస్టరు ఇస్తే, బాబాయ్ తీసుకెళ్ళి ఇంజన్లోకి అందించేవాడు. అక్కడ మొదలయ్యేది అసలు భాగోతం.

"బాబూ, కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయాను. బిళ్ళ మీద ఏం రాసుందో కాస్త చదివి పెట్టు."

"ఇరవయ్యేళ్ళుగా మర్చిపోతూనే ఉన్నావు. అసలు ఆ జోడు ఇంట్లో ఉందా?"

"ఉందో లేదో వెతకడానికైనా జోడు కావాలిగా నాయనా!"

చదివించేవాడు. ఇంకోసారి చదివించేవాడు. రైలు రెండు నిమిషాలు ఆలస్యమయ్యేది. పైవాళ్ళ చేత చీవాట్లు మాత్రం మాస్టరు తినేవాడు.

ఆ పొద్దున మంచు ముంచుకొచ్చింది. గదిలోంచి చూస్తే ప్లాట్‌ఫారం అంచు కూడా కనబడలేదు, ఇక సిగ్నలు సంగతి చెప్పాలా? నది వైపు వెళ్ళే ప్యాసింజరు ఆగి ఉంది. దాని వెనకపట్టా మీద కొండకెళ్ళే గూడ్సు కాచుకుని ఉంది. నది లైన్లో ఎదురు బండి అప్పటికే బయల్దేరింది. మాస్టరు ఒక ఫోను పెట్టేలోపు ఇంకోటి మోగుతోంది. ఆ కంగారులోనే బిళ్ళ తీసి సంచిలో పడేశాడు.

"ప్యాసింజరుకి ఇచ్చేయండి."

"ఇంకోసారి చెప్పండి బాబూ."

"ప్యాసింజరుకి! చెవుడా మీకు?"

బాబాయ్ మంచులో కలిసిపోయాడు. మాస్టరు ఫోను పెట్టి బిళ్ళల పెట్టె వైపు తిరిగాడు. నది బిళ్ళలన్నీ లోపలే భద్రంగా ఉన్నాయి. బయటికి తీసింది కొండ బిళ్ళ. గూడ్సుకి తీసింది!

కుర్చీ తన్నుకుని బయటికి పరిగెత్తాడు. ఇందాక ప్లాట్‌ఫారం మీద నడిచినప్పుడు ప్యాసింజరు కిటికీ దగ్గర కూతురికి జడ వేస్తూ కనిపించిన తల్లి కళ్ళముందు మెదిలింది. ఇంజను కూత వేసింది. అయిపోయింది, అందర్నీ నా చేతులతో చంపేశాను అనుకున్నాడు. అక్కడే స్తంభాన్ని పట్టుకుని ఆగిపోయాడు.

అప్పుడు మంచులోంచి డ్రైవరు గొంతు విసుగ్గా వినిపించింది.

"కొండ లైను. చాలా?"

"ఇంకోసారి చదువు నాయనా."

"కొండ లై... ఓరి నాయనో! నేను నదికి కదా వెళ్ళాలి!"

"అయ్యయ్యో, నాదే పొరపాటు! జోడు లేక గూడ్సు సంచి నీకు తెచ్చాను. తిట్టు నాయనా, తిట్టు."

డ్రైవరు తిట్టాడు. బాబాయ్ తలొంచుకుని విన్నాడు. ఆ తిట్లు మాత్రం ఇంకోసారి చెప్పమనలేదు. కాసేపటికి ఎదురు బండి క్షేమంగా వచ్చి పక్క ప్లాట్‌ఫారం మీద ఆగింది. దిగినవాళ్ళు చలికి తిట్టుకుంటూ ఇళ్ళకి పోయారు.

మాస్టరు గదిలోకొచ్చి రిజిస్టరు తెరిచాడు. తప్పు నాదే, సంచి ఇచ్చింది నేనే అని రాశాడు. గుమ్మంలో నిలబడ్డ బాబాయ్ దగ్గాడు.

"తారీఖు తప్పేశారు బాబూ. నిన్నటిది పడింది."

మాస్టరు దిద్దబోయి ఆగిపోయాడు. గుమ్మానికీ బల్లకీ మధ్య పది అడుగులు. బాబాయ్ ముఖాన జోడు లేదు.

"బాబాయ్! మీకు చూపు బాగానే ఉందా?"

"చీమ కాలు కూడా కనబడుతుంది."

"మరి ఇన్నేళ్ళూ ఈ నాటకం?"

"నువ్వు సరిగ్గా చూడలేదు అంటే మగాడికి పౌరుషం పొడుచుకొస్తుంది, చూసినా చూడనట్టే ఉంటాడు. నాకు కనబడదు అంటే జాలిపడి చదువుతాడు. మీ చేత కూడా చదివించి ఉండాల్సింది. మీరు కంగారులో ఉన్నారు, చిన్నబుచ్చుకుంటారని ఊరుకున్నాను." బాబాయ్ గొంతు తగ్గింది. "నాకూ భయం వేసింది బాబూ. ఇంకా కాళ్ళు వణుకుతున్నాయి."

మాస్టరు లేచి తన కుర్చీ ఆయనకి వేశాడు.

మర్నాడు మంచు పడలేదు. ఎండ గదిలోకి వచ్చి పడుతోంది. మాస్టరు సంచి అందించబోయి, కళ్ళు నలుపుకున్నాడు.

"బాబాయ్, పొద్దుటినుంచీ నాకు కళ్ళు మసకేస్తున్నాయి. ఈ బిళ్ళ మీద ఏం రాసుందో కాస్త చదివి పెడతారా?"

బాబాయ్ ఆయన్ని ఎగాదిగా చూశాడు. మీసాల చాటున నవ్వి, బిళ్ళ తీసి గట్టిగా చదివాడు.

"నది లైను."

"ఇంకోసారి," అన్నాడు మాస్టరు.