ఎర్రబండ పగుల్లో గవ్వరాయి

అంగ్దుయ్ తాత చండీగఢ్ ప్రొఫెసరు దగ్గర సారా తాగి, నవ్‌రీత్ నోటికాడి కూడు లాగేశాడని స్పితి లోయంతా చెప్పుకుంటున్నారు. ఒట్టి మాట. ఆ రోజు ఆయన తాగింది ఉప్పు టీ. అదీ సగమే.

రెండు వేసవులుగా నవ్‌రీత్ ఆయన ఇంట్లోనే ఉండి ఊరి వెనక ఎర్రబండను పరిశోధిస్తోంది. లోకంలో గవ్వలు పుట్టకముందే ఆ బండ ఏర్పడిందని పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు ఏనాడో తేల్చేశారు. ఈ పిల్లకేమో దాని పగుల్లో, రాయిగా మారిన గవ్వ ఇమిడిన గవ్వరాయి కనిపించింది. "లోపల గవ్వ ఉందంటే బండ వాళ్ళన్నంత పాతది కాదు తాతా!" అంటూ ఆయన చేతులు పట్టుకుని గిర్రున తిప్పింది. కూతుళ్ళు లేని మనిషి, ఆ సంతోషం చూసి నోరెత్తలేకపోయాడు.

ఆ రాయి ఆయన పెట్టిందే. మంచులో చిక్కిన యాక్‌లు ప్రాణాలతో తిరిగొచ్చిన ఏడు, పై కనుమలో ఏరుకొచ్చి కొండకు కానుకగా అక్కడ దూర్చాడు. మా కాపరులందరూ చేసేదే. ఎవరెక్కడ పెట్టారో మాత్రం పైకి చెప్పుకోరు.

ఆ మాట తేల్చడానికి చండీగఢ్ నుంచి ప్రొఫెసర్ బక్షీ వచ్చాక బండ దగ్గరే వాదన మొదలైంది.

"గవ్వ చుట్టూ నల్లమట్టి. బండంతా ఎర్ర ఇసుక. ఎలా పొసగుతుందమ్మా?"

"సముద్రం అడుగున రెండు రకాల మట్టి ఉండకూడదా సార్?"

"పైనుంచి దొర్లి పగుల్లో పడిందేమో."

"పడినదైతే ఊడి రావాలిగా. లాగండి చూద్దాం!"

ఆయన లాగారు. కదల్లేదు. ముఖం ఎర్రబడేదాకా లాగారు.

"సరే తల్లీ, నీదే గెలుపు. రాసుకో."

పక్కనే కూర్చుని ఉప్పు టీ తాగుతున్న అంగ్దుయ్ గిన్నె కింద పెట్టాడు.

"అది రాదు సార్. ఇంకో రాయితో మోది మోది దిగ్గొట్టాను."

ఆ రాత్రి నవ్‌రీత్ అన్నం ముట్టలేదు. పొద్దున పొయ్యి దగ్గరికొచ్చి కూర్చుంది. కళ్ళు వాచి ఉన్నాయి.

"ఆయన ఒప్పేసుకున్నారుగా తాతా. నువ్వు ఊరుకుంటే ఏం పోయేది?"

అంగ్దుయ్ ఆమె గిన్నెలో టీ పోశాడు.

"కొండ నా యాక్‌లను నాకు తిరిగిచ్చింది. కానుక పెట్టిన చేత్తోనే దాని వయసు కాజేయమంటావా తల్లీ?"