బావగారి బాతులు, పాలమీగడ కాగితం

స్వామి యోగనిద్ర చాలించే ఉత్థాన ఏకాదశి నాడు, మూతపడిన నా కాగితపు పాక కూడా మేల్కొనాలన్న సంకల్పంతో ఖరగ్‌పూర్‌కు ప్రయాణమయ్యాను. నా పద్యకావ్యాన్ని సొంత కాగితం మీదనే లిఖించాలని కోరిక. పాకలో అరటినార గుజ్జును బ్లీచింగ్ పౌడరుతో తెల్లబరచేవాళ్ళం. ఆ నీళ్ళు పారి పొరుగు రైతు తోటకూర మడి మాడిపోయింది. మురుగు బాగుపడేదాకా పాక తెరవరాదని ఊరివారు తేల్చారు. దానికి మార్గం తెలిసినవాడు మా చెల్లెలి భర్త అప్పారావు. ఒకే గురువు వద్ద ఛందస్సు నేర్చాం. సమస్య ఇస్తే నాకంటే ముందే పూరించేవాడు. తరువాత రైల్వే వర్క్‌షాపులో చేరి, విరమణానంతరం కాగితం చేస్తున్నాడు.

పలాసలో ఉదయం హౌరా రైలెక్కితే మధ్యాహ్నం దాటాక ఖరగ్‌పూర్ చేరవచ్చు. స్టేషను బయట టోటోలు, అంటే బ్యాటరీ ఆటోలు, ఉంటాయి. సాలువా దారిలో కాగితపు పాక అనగానే, అక్కడే స్థిరపడిన తెలుగు డ్రైవరు, "బాతుల తాత కాడికా? ఠీక్ హై, ఎక్కండి. ఆయన్ని ఎరగనోళ్ళెవరు?" అన్నాడు. అవధానాలు చేసిన నన్ను మా వీధిలోనే ఎరిగినవారు తక్కువ.

పాక మురుగు చేరే గుంటలో నిజంగానే బాతులు ఈదుతున్నాయి.

"ఈ ఉదయమే కొని వదిలావా బావా?" అన్నాను అప్పారావుతో.

"నువ్వొస్తన్నావని ముహూర్తం సూసి మరీ కొనీసినాను," అన్నాడు.

పద్ధతి చూపించాడు. అక్కడివారు తాళ్ళు పేనే సబాయి గడ్డిని చాకలిసోడా నీళ్ళలో బాగా ఉడికించి, ముందే గట్టిగా కడుగుతాడు. జిగురు అక్కడే చాలావరకు పోవడంతో తెలుపుమందు కొద్దిగా సరిపోతుంది. అదీ క్లోరిన్ కాదు, హైడ్రోజన్ పెరాక్సైడ్. చివరి కడుగు నీళ్ళను తరువాతి గుజ్జు తొలి కడుగుకు వాడతాడు. మిగిలినవి తేటగుంటలో మడ్డి దిగి, తుంగమడి గుండా బాతుల వద్దకు చేరతాయి.

సిరా అలుముకుంటే బాగుండునని ఒక పాదం రాసి చూశాను. గీసిన గీత గీసినచోటే నిలిచింది. "మీగడ రంగుంది. నా కాగితమంత తెలుపు లేదు," అన్నాను.

"కాయితం తెల్లగుండాలా, నీళ్ళు తేటగుండాలా? రెండూ కావాలంటే గడ్డి ఒప్పుకోదు బావా."

మా పాకకు వచ్చి పని మొదలుపెట్టమని అడగక తప్పలేదు.

"వస్తాను. ఆ కావ్యం నాకు అంకితమిచ్చీ."

"స్వామికి సంకల్పించాను."

"సామికి కాయితం సెయ్యడం వచ్చేటి?"

తిరుగు రైలులో, అతడిచ్చిన కాగితం మీదనే అంకిత పద్యం మొదలుపెట్టాను. అతని పేరు గణాలకు లొంగకపోతే చాలు, తప్పించుకోవచ్చుననుకున్నాను. మొదటి పాదంలోనే, యతి కూడా చెడకుండా, హాయిగా ఒదిగిపోయింది. నా పేరు ఏ పద్యంలోనూ అంత సుఖంగా కూర్చోలేదు. వచ్చే వారం అతడు వస్తున్నాడు. పొయ్యి శుభ్రం చేయించాను.

వెళ్ళదలచినవారు తమ నారను పిడికెడు వెంట తీసుకువెళ్ళండి; దానికెంత ఉడుకు కావాలో అక్కడే చేసి చూపిస్తాడు. మన తరువాత ఈ పని పట్టేవారి కలాలకు సిరా, పొరుగు మళ్ళకు మంచినీరు ఎన్నటికీ కొరవడకుండుగాక.